బెరా పరీక్ష నుంచి చెవి మిషన్ దాకా: యాభై ఏళ్ల అనుభవం ఏం తేల్చింది?

చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఊళ్లలో రెండేళ్ల బిడ్డకు మాట రాకపోతే ఇంట్లో ముందు దొరికేది ధైర్యమే. ‘వాళ్ల నాయనకు కూడా మూడేండ్లకే మాటొచ్చింది, వస్తాదిలే’ అంటుంది జేజి. తలుపు ధడాలుమంటే తిరిగి చూస్తున్నాడు కదా, చెవుడెందుకవుతుంది అని అమ్మానాన్నలు మరో ఏడాది ఆగుతారు. ఆ తర్వాత ధర్మవరమో హిందూపురమో పోతారు, అక్కణ్నుంచి అనంతపురం పెద్దాసుపత్రికో బెంగళూరుకో. చివరికి చేతికొచ్చేది ఒక కాగితం. పైన వంకర గీతలు, కింద ఒక్క వాక్యం: రెండు చెవుల్లోనూ 90 డెసిబెల్స్ దగ్గర ఐదో తరంగం కనిపించలేదు. దాన్ని పట్టుకుని సదరం క్యాంపుకు పోతే వికలాంగ సర్టిఫికెట్ వస్తుంది, సర్టిఫికెట్‌తో పింఛను వస్తుంది, ఎప్పటికో చెవి మిషన్ కూడా వస్తుంది.

ఆ కాగితానికీ ఆ మిషన్‌కూ మధ్య సంబంధం ఎంత? బిడ్డ ఇంకా చెప్పలేని వయసులో తీసిన బెరా పరీక్షను (శబ్దానికి మెదడు కాండం స్పందనను కొలిచే పరీక్ష) బట్టి ఏ మిషన్ కావాలో, అది ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో నిర్ణయించవచ్చా? 1970ల నుంచి ప్రపంచంలోని ఆడియాలజిస్టులు తేల్చుకోవాలని చూస్తున్న ప్రశ్న ఇది. ఇన్నేళ్లలో దానికి చాలావరకు జవాబు దొరికింది. మిషన్‌కు కావాల్సిన కొలతలు ఇవ్వడంలో బెరాను మించిన పరీక్ష ఆరు నెలలలోపు బిడ్డలకు లేదు. కానీ పెట్టిన మిషన్ బాగా పనిచేస్తోందా లేదా అని తేల్చే పని దానికి అప్పగిస్తే తప్పుదారి పట్టిస్తుంది. మన దగ్గర మొదటి పని సగమే జరుగుతోంది.

పరీక్ష ఏం కొలుస్తుంది

నుదుటి మీద, రెండు చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. చెవిలో చిన్న స్పాంజి గొట్టం పెట్టి టిక్ టిక్ మనే శబ్దాలు పంపుతారు. ప్రతి శబ్దానికీ శ్రవణ నాడి నుంచి మెదడు కాండం దాకా విద్యుత్ సంకేతం మెట్టుమెట్టుగా పోతుంది. మొదటి తరంగం సుమారు ఒకటిన్నర మిల్లీసెకన్లకు శ్రవణ నాడిలో పుడుతుంది. మూడోది నాలుగు మిల్లీసెకన్లకు కాస్త ముందు, ఐదోది పెద్ద శబ్దానికైతే ఐదున్నర, ఆరు మిల్లీసెకన్ల దగ్గర వస్తాయి. శబ్దాన్ని తగ్గించుకుంటూ పోతే మిగతా తరంగాలు మాయమైనా ఐదోది చివరిదాకా నిలుస్తుంది, కాస్త ఆలస్యంగా వస్తూ ఉంటుంది. అది కనిపించే అతి తక్కువ శబ్దమే ఆ చెవి బెరా హద్దు.

ఈ తరంగం ఎత్తు మైక్రోవోల్టులో సగం ఉంటే గొప్ప. మెదడు మామూలు విద్యుత్ సందడి దానికి పదుల రెట్లు. ధర్మవరంలో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతున్న షెడ్డులో మూలనున్న మనిషి గుసగుసను పట్టుకోవడం లాంటి పని. ఒకే శబ్దాన్ని రెండు వేలసార్లు ఇచ్చి, జవాబులన్నిటికీ సగటు తీస్తే గుసగుస నిలుస్తుంది, అడ్డదిడ్డమైన సందడి సుమారు నలభై అయిదోవంతుకు పడిపోతుంది. బిడ్డ కదిలితే, ఏడిస్తే కండరాల విద్యుత్తు ఆ సగటును పాడుచేస్తుంది. అందుకే బిడ్డ నిద్రపోవాలి. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, ఆసుపత్రిలో పాలిచ్చి నిద్రపుచ్చమంటారు. కాస్త పెద్ద పిల్లలకు డాక్టరు పర్యవేక్షణలో నిద్రమందు ఇస్తారు.

ఈ సంకేతాలను తల మీద నుంచే పట్టవచ్చని ఇజ్రాయెల్‌లో సోమర్, ఫైన్‌మెసర్ 1967లో చూపారు. అమెరికాలో డాన్ జ్యూవెట్, ఆయన సహచరులు 1970, 71 సంవత్సరాల్లో తరంగాలకు వరుస సంఖ్యలిచ్చి వివరించారు. 1974లో హెకాక్స్, గాలంబోస్ పసిబిడ్డల్లో ఈ పరీక్ష ఎలా ఉంటుందో చెప్పారు. బిడ్డ నోరు తెరవకుండానే చెవి కొలత తెలిసే దారి అక్కడ మొదలైంది.

తొలి ఆశ: మిషన్ పెట్టి బెరా తీస్తే?

చెవి కొలత దొరికితే మిషన్ ఎంపిక కూడా అదే పరీక్షతో అయిపోవాలి కదా అని అప్పటివాళ్లు ఆశపడటంలో వింత లేదు. 1970ల మిషన్లలో శబ్దాన్ని పెంచడం తప్ప పెద్దగా తెలివితేటలు లేవు. నాలుగు మిషన్లు తెచ్చి, ఒక్కొక్కటి బిడ్డ చెవికి పెట్టి, స్పీకర్ నుంచి శబ్దమిచ్చి బెరా తీస్తే, ఏ మిషన్‌తో ఐదో తరంగం బాగా వస్తే అదే మంచి మిషన్ అనుకున్నారు. 1970ల చివరి నుంచి 80ల మధ్య దాకా దీని మీద వరుసగా పరిశోధనలు వచ్చాయి. కాక్స్, మెట్జ్ 1980లో బెరా ఆధారంగా మిషన్ సూచించే పద్ధతిని పరీక్షించారు. జర్మనీలో కీస్‌లింగ్ 1982లో తరంగం ఎత్తు శబ్దంతోపాటు ఎలా పెరుగుతుందో చూసి, దాన్నుంచి మిషన్ ఇవ్వాల్సిన పెంపును లెక్కించవచ్చన్నాడు. అదే ఏడాది కైలెనీ, మరుసటి ఏడాది హెకాక్స్ కూడా ఈ దారినే నడిచారు.

ఆశకు గట్టి ఆధారమే ఉంది. చెవిలో సున్నితత్వం తగ్గితే ఐదో తరంగం ఆలస్యమవుతుంది. మిషన్ పెట్టాక అది మామూలు సమయానికి వస్తే వినికిడి కూడా మామూలుకు దగ్గరైనట్టేనని వాదన. కొందరు పిల్లల్లో మిషన్‌తో తరంగం స్పష్టంగా కనిపించింది కూడా.

ఎందుకు కుదరలేదు

అడ్డం తిరిగింది శబ్దం నిడివి. బెరాలో వాడే క్లిక్ 100 మైక్రోసెకన్లు మాత్రమే ఉంటుంది, ఒకే ఫ్రీక్వెన్సీ చుట్టూ ఉండే టోన్ బర్స్ట్ కొన్ని మిల్లీసెకన్లు. మనిషి మాట అలా ఉండదు. ‘అమ్మా’ అనే పిలుపులో ఒక్క అచ్చే వందల మిల్లీసెకన్లు సాగుతుంది. మిషన్ ఈ రెండింటినీ ఒకేలా పెంచదు. 1987లో గోర్గా, బోషేన్, రైలాండ్ దీన్ని కొలిచి చూపారు: క్షణికమైన శబ్దానికి మిషన్ ఇచ్చే పెంపు, నిలకడ శబ్దానికి ఇచ్చే పెంపు ఒకటి కాదు. అలాంటప్పుడు క్లిక్‌తో తీసిన కొలత మాటల విషయంలో మిషన్ ఏం చేస్తుందో చెప్పలేదు.

తర్వాత వచ్చిన డిజిటల్ మిషన్లతో చిక్కు ఇంకా ముదిరింది. వీటిలో మెత్తటి శబ్దాన్ని ఎక్కువగా, పెద్ద శబ్దాన్ని తక్కువగా పెంచే కుదింపు ఉంటుంది. అది పనిచేయడం మొదలుపెట్టేలోపే క్లిక్ అయిపోతుంది. కొన్ని మిషన్లు అలాంటి పదునైన చప్పుడును రొదగా భావించి నొక్కేస్తాయి. పైగా డిజిటల్ మిషన్ శబ్దాన్ని లెక్కగట్టి బయటికి పంపేసరికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఐదో తరంగమే ఆరు మిల్లీసెకన్లకు రావాల్సి ఉండగా, ఆలస్యం చెవిదో మిషన్‌దో ఎలా విడదీస్తాం? మిషన్‌లోని చిన్న స్పీకర్ వెదజల్లే విద్యుదయస్కాంత సంకేతం కూడా ఎలక్ట్రోడ్లలో చేరి తరంగంలాగే కనిపించగలదు.

ఇక అసలు కొరత వేరే ఉంది. క్లిక్‌కు మెదడు కాండం స్పందించిందంటే శబ్దం అక్కడిదాకా చేరిందని మాత్రమే అర్థం. ‘ఇంటికి’, ‘ఇంట్లో’ అన్న మాటల చివరి తేడాను బిడ్డ పట్టుకోగలదా అన్నది దానికి తెలియదు. ఇన్ని కారణాలతో, మిషన్ పెట్టి బెరా తీసి ఎంపిక చేసే పద్ధతి మామూలు వాడుకలో నిలవలేదు. ‘మిషన్‌తో బెరా తీసి చూస్తాం’ అని ఎవరైనా అంటే, దాని ఆధారంగానే ఖరీదైన మిషన్ కొనాల్సిన పని లేదు.

నిలిచిన దారి

బెరాను మిషన్ లేకుండా, విడివిడి ఫ్రీక్వెన్సీల్లో, ఒక్కో చెవికి తీయడం నిలిచిన పద్ధతి. క్లిక్‌లో అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి ఉంటాయి. దాని జవాబు ప్రధానంగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతాన్ని చెబుతుంది. టోన్ బర్స్ట్ అయితే 500, 1,000, 2,000, 4,000 హెర్ట్జ్ దగ్గర వేర్వేరుగా అడుగుతుంది. ‘ఊ’, ‘మ’ లాంటివాటి బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, ‘స’, ‘శ’ లాంటివాటి పదును పై ఫ్రీక్వెన్సీల్లో. రెండు చివరలూ తెలియకుండా మిషన్‌కు అమరిక చెప్పలేం.

బెరా హద్దు, బిడ్డ నిజంగా వినే హద్దు ఒకటే అంకె కావు. బెరా హద్దు సాధారణంగా కాస్త ఎక్కువ చూపుతుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో తేడా మరీ ఎక్కువ. అందుకని దిద్దుబాటుగా దానిలోంచి కొన్ని డెసిబెల్స్ తీసేస్తారు. కెనడాలోని ఒక శిశు వినికిడి కార్యక్రమం 500 హెర్ట్జ్ దగ్గర 15, 1,000 దగ్గర 10, 2,000 దగ్గర 5 డెసిబెల్స్ తగ్గిస్తుంది, 4,000 దగ్గర ఏమీ తగ్గించదు. ఉదాహరణకు ఒక బిడ్డకు ఈ నాలుగు చోట్లా బెరా హద్దులు వరుసగా 50, 60, 75, 85 వచ్చాయనుకుందాం. దిద్దితే 35, 50, 70, 85 అవుతాయి. కింద కొద్దిపాటి లోపం, పైకి పోయేకొద్దీ తీవ్రం. ఇదే బిడ్డకు క్లిక్ ఒక్కటే తీసి ఉంటే 80 దగ్గర తరంగం వచ్చిందని రాసేవారు. ఆ ఒక్క అంకెను నమ్మి అన్ని ఫ్రీక్వెన్సీలకూ గట్టి మిషన్ పెడితే కింది శబ్దాలు మోతగా మారతాయి. బిడ్డ మిషన్ పీకి పారేస్తుంది. ‘మా వాడు మిషన్ పెట్టుకోడు’ అని ఇంట్లో అలిసిపోతారు. తప్పు బిడ్డది కాదు, అమరికది.

దిద్దిన అంకెలను కంప్యూటర్‌లో వేస్తే, ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత మెత్తటి మాటకు, ఎంత గట్టి మాటకు ఎంత పెంపు కావాలో లెక్క వస్తుంది. దీనికి రెండు సూత్రాలు ప్రసిద్ధం. ఒకటి కెనడా వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ సీవాల్డ్ బృందం ప్రత్యేకంగా పిల్లల కోసం మొదలుపెట్టిన డీఎస్ఎల్. రెండోది ఆస్ట్రేలియా నేషనల్ అకూస్టిక్ లాబొరేటరీస్ తయారుచేసిన ఎన్ఏఎల్. కంపెనీ సాఫ్ట్‌వేర్ మొదటిసారి చూపే ‘ఫస్ట్ ఫిట్’ను అలాగే వదిలేస్తే ఈ రెండింటి లక్ష్యం చేరకపోవచ్చు.

ఆఖరి మెట్టు చెవిలోనే కొలవడం. పసిబిడ్డ చెవి గొట్టం చిన్నది. పెద్దవాళ్ల చెవిలో ఉన్నంత గాలి ఖాళీ అందులో లేదు కాబట్టి అదే మిషన్ అదే అమరికలో బిడ్డ చెవిలో ఎక్కువ శబ్దపీడనం పుట్టిస్తుంది. కొన్ని ఫ్రీక్వెన్సీల్లో ఆ తేడా 10 డెసిబెల్స్ దాకా ఉండవచ్చు. సన్నటి గొట్టం ఒకదాన్ని చెవిలో మౌల్డ్ (చెవి కొలతకు చేసిన అచ్చు) పక్కన పెట్టి, కొన్ని నిమిషాల్లో ఈ తేడాను కొలుస్తారు. బిడ్డ పెరిగేకొద్దీ ఇది మారుతుంది, మౌల్డ్ కూడా మారాలి. తొలి ఏడాదిలో మౌల్డ్ కొన్ని నెలలకే వదులవుతుంది, ఈలపెట్టడం మొదలవుతుంది. ఈల రాకుండా వాల్యూమ్ తగ్గించేస్తే, బెరా నుంచి కష్టపడి తెచ్చిన అమరికంతా వృథా.

‘90 దగ్గర లేదు’ అంటే?

మన దగ్గర బెరా రిపోర్టులు చాలావరకు క్లిక్ దగ్గరే ఆగిపోతాయి. కారణం కాలం. నాలుగు ఫ్రీక్వెన్సీలు, రెండు చెవులు, ఒక్కోదానికి పైకీ కిందికీ మూడు నాలుగు శబ్దస్థాయిలు, ప్రతిదీ రెండుసార్లు తీసి సరిచూడటం. ఇదంతా అయ్యేసరికి గంట దాటిపోతుంది, బిడ్డ అంతసేపు పడుకోదు. బయట వరుసలో జనం. సర్టిఫికెట్‌కు లోపం ఉందా, ఎంత అన్న అంచనా చాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల ఫ్రీక్వెన్సీల్లో 70 డెసిబెల్స్ లోపముంటే చెవుడు, 60 నుంచి 70 మధ్య అయితే వినికిడి మందం. ఆ గీత దాటిందో లేదో చూడటమే పరీక్ష పనయితే, మిగతా అంకెలు ఎవరికీ అక్కర్లేదు. మిషన్‌కు మాత్రం అవే కావాలి.

క్లిక్‌కు 90 దగ్గర తరంగం లేకపోతే, పై ఫ్రీక్వెన్సీల్లో లోపం చాలా తీవ్రమని అర్థం. కింది ఫ్రీక్వెన్సీల్లో ఏమీ మిగల్లేదని కాదు. 500 హెర్ట్జ్ దగ్గర కొంత వినికిడి మిగిలిన పిల్లలు ఉంటారు. తలుపు ధడాలుమంటే తిరిగే బిడ్డలు వీళ్లే కావచ్చు. అందుకే ‘జవాబు లేదు’ అన్న రిపోర్టు మిషన్‌ను ఆపడానికి కారణం కాకూడదు. కాక్లియర్ ఇంప్లాంట్‌కు ముందు కొన్ని నెలలు మిషన్ పెట్టి చూడటం ఆనవాయితీ. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక ఆంధ్రప్రదేశ్‌లో ఇంప్లాంట్ పేద పిల్లలకూ అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. కానీ సరైన అమరిక లేని మిషన్‌తో ఆ కొన్ని నెలలు గడిపితే అది పరీక్షే కాదు. బిడ్డకు మిషన్ చాలదని తేలిందా, మిషన్‌నే సరిగా పెట్టలేదా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఎముక ద్వారా తీసే బెరా మరో ముఖ్యమైన మెట్టు. జలుబు చేసిన బిడ్డకు కర్ణభేరి వెనక నీరు చేరితే గాలి ద్వారా వచ్చే శబ్దానికి 20, 30 డెసిబెల్స్ అడ్డు పడవచ్చు. చెవి వెనక ఎముకపై కంపించే పరికరం పెట్టి తీస్తే లోపలి చెవిలోని కాక్లియా పరిస్థితి విడిగా తెలుస్తుంది. అది తీయకుండా మిషన్ అమరిస్తే, నీరు తగ్గాక అదే మిషన్ అవసరానికి మించి అరుస్తుంది.

బెరా తప్పుదారి పట్టించే చోటు

కొందరు బిడ్డల్లో కాక్లియాలోని వెలుపలి కేశకణాలు బాగానే ఉంటాయి, కానీ నాడి సంకేతాలు ఒక లయలో కలిసి సాగవు. 1996లో ఆర్నాల్డ్ స్టార్, ఆయన సహచరులు దీన్ని ఆడిటరీ న్యూరోపతిగా వివరించారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, పచ్చకామెర్లు ముదిరినవాళ్లలో ఇది ఎక్కువ. కొన్ని వంశాల్లో ఓటాఫ్ అనే జన్యువు వల్ల కూడా వస్తుంది. వీళ్లకు బెరా పూర్తిగా చదునుగా ఉండవచ్చు, నిజమైన వినికిడి మాత్రం మందం నుంచి తీవ్రం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి వీళ్ల విషయంలో బెరా హద్దును మిషన్ కొలతగా వాడకూడదు. గుర్తించే ఉపాయం సులువే. క్లిక్‌ను ఒకసారి ఒక దిశలో, మరోసారి ఎదురు దిశలో ఇచ్చి తీస్తారు. మొదట్లో కనిపించే అలలు దిశతోపాటు తలకిందులైతే అవి కాక్లియాలోంచి వచ్చినవే. దీన్ని చూడని రిపోర్టు ‘జవాబు లేదు’ అని రాసినా అసలు సంగతి దాటిపోయినట్టే.

ఈ సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకంగా పట్టేది. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు దక్షిణాదిలో ఇంకా ఎక్కువే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధంలోవే. అమ్మానాన్నలకు వినికిడి బాగానే ఉండి బిడ్డకు పుట్టు చెవుడు రావడం అలాంటి ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. మనదేశంలో దీని వెనక తరచూ కనిపించేది కనెక్సిన్ 26 జన్యువులోని మార్పు. ఇందులో లోపం కాక్లియాది కాబట్టి బెరా హద్దులు నమ్మదగినవి, మిషన్‌కూ ఇంప్లాంట్‌కూ ఫలితం బాగుంటుంది. ఓటాఫ్ లోపమైతే పరీక్షల విషయంలో కథ తిరగబడుతుంది. పుట్టినప్పుడు చేసే ఓఏఈ పరీక్ష కేశకణాల ప్రతిధ్వనిని వింటుంది కనుక ఆ బిడ్డ పాసవుతుంది, చెవుడు మాత్రం దాగిపోతుంది. ఓఏఈని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ కనుగొన్నాడు. తేలిక, వేగం, చవక. కానీ కామెర్లు ముదిరిన, ఐసీయూలో ఉన్న, రక్తసంబంధంలో పుట్టిన బిడ్డలకు ఓఏఈ ఒక్కటి చాలదు, బెరా ఉండాలి.

కొత్త పద్ధతులు ఎక్కడిదాకా వచ్చాయి

గంట పట్టే పరీక్షను తగ్గించే ప్రయత్నాలు ఫలించాయి. కాక్లియాలో కింది ఫ్రీక్వెన్సీలు చేరడానికి ఎక్కువ సమయం పడుతుందని లెక్కగట్టి, వాటిని ముందుగా పంపే చర్ప్ అనే శబ్దాన్ని డెన్మార్క్ శాస్త్రవేత్త క్లాస్ ఎల్బర్లింగ్ బృందం అభివృద్ధి చేసింది. అన్ని భాగాలూ ఒకేసారి స్పందిస్తే తరంగం పెద్దదవుతుంది, పరీక్ష త్వరగా తేలుతుంది. ఏఎస్ఎస్ఆర్ అనే మరో పద్ధతిలో రెండు చెవులకూ నాలుగేసి ఫ్రీక్వెన్సీలను ఒకేసారి ఇచ్చి, తరంగాన్ని కంటితో కాక గణాంకాలతో కంప్యూటరే గుర్తిస్తుంది. బెరా పరికరం ఆగిపోయే చోటికి మించి పెద్ద శబ్దాల్లో కూడా ఇది కొంత సమాచారమిస్తుంది. అయితే మరీ పెద్ద శబ్దాల దగ్గర దొంగ జవాబులు రాగలవు. ఒంటరిగా దాని మీదే మిషన్ పెట్టకుండా బెరాతో సరిచూడటం మంచిది.

మిషన్ పెట్టాక పరీక్షించే పని మెదడు పై భాగానికి మారింది. ఆస్ట్రేలియాలో తయారైన హియర్‌ల్యాబ్ బిడ్డ మెలకువగా ఉండగా ‘మ’, ‘గ’, ‘ట’ లాంటి మాట శబ్దాలను 55, 65, 75 డెసిబెల్స్ దగ్గర వినిపించి, మెదడు పొర జవాబును చూస్తుంది. ఈ శబ్దాలు క్లిక్ కన్నా నిడివైనవి కనుక మిషన్ వాటిని మాటలాగే పెంచుతుంది. ఇంకా సహజమైన మాటతో మెదడు కాండం జవాబు పట్టే పద్ధతుల మీద వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పని సాగింది. 1980లలో వదిలేసిన ఆశ వేరే రూపంలో మళ్లీ వస్తోంది. ఊళ్లో బిడ్డకు మాత్రం ఇవి అందేలోపు మెలకువగా చూసే పరీక్షే దిక్కు. ఆరేడు నెలలు దాటిన బిడ్డ శబ్దం వచ్చిన వైపు తిరిగితే బొమ్మ వెలిగించే పరీక్షతో బెరా అంకెలను సరిచూడాలి. ఇంట్లో అమ్మ చూసేది కూడా కొలతే: ‘ఆ’, ‘ఈ’, ‘ఊ’, ‘మ్’, ‘శ్’, ‘స్’ శబ్దాలను వెనక నుంచి మెల్లగా పలికితే బిడ్డ దేనికి తిరుగుతోంది, దేనికి తిరగడం లేదు.

చెన్నేకొత్తపల్లి నుంచి చూస్తే

లోపం ఏ వయసులో గుర్తించామన్నదానికి ఎందుకింత ప్రాధాన్యం? 1998లో కొలరాడోలో యోషినాగా ఇటానో బృందం చూపినట్టు, ఆరు నెలలలోపు లోపం గుర్తించి సాయం మొదలుపెట్టిన పిల్లల భాష, ఆలస్యంగా గుర్తించినవాళ్ల కన్నా బాగా ముందుంది. ఆస్ట్రేలియాలో నాలుగు వందలకు పైగా పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించిన లోచీ అధ్యయనం కూడా త్వరగా మిషన్ పెట్టడం మేలని తేల్చింది. ఒక నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు మిషన్ అన్న అంతర్జాతీయ సూత్రం ఇలాంటి అనుభవం మీద నిలిచింది. బెరాను ఈ మూడు నెలల దగ్గర పెడితే బిడ్డ సహజంగానే నిద్రపోతుంది, మందు అక్కర్లేదు. మూడేళ్ల దగ్గర పెడితే నిద్రమందు కావాలి, మాట నేర్చుకునే మంచికాలం అప్పటికే చాలా పోయి ఉంటుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తొమ్మిది పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో చెవుడును చేర్చింది. జిల్లా ముందస్తు జోక్య కేంద్రాలు ఆ పనికే ఉన్నాయి. కేరళలో కొచ్చి నగరంలో డాక్టర్ అబ్రహాం పాల్ చొరవతో ఆసుపత్రులు కలిసి ఒకే బృందాన్ని తిప్పుతూ పుట్టిన బిడ్డలందరినీ పరీక్షించే నమూనా నడిచింది. ప్రతి ఆసుపత్రికీ పరికరం కొనకుండా, ఒక పరికరాన్ని నలుగురు పంచుకునే ఆ ఆలోచన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాన్పు ఆసుపత్రులకు అతికినట్టు సరిపోతుంది. 2017 జులైలో అప్పటి కేంద్ర సహాయమంత్రి, తెలుగువాడైన వై.ఎస్. చౌదరి విడుదల చేసిన సోహమ్ పరికరం మూడు ఎలక్ట్రోడ్లతో, మెదడు కాండం స్పందన మీదే పనిచేసే దేశీయ స్క్రీనింగ్ యంత్రం. ఓఏఈలో పాసై దాగిపోయే న్యూరోపతి బిడ్డలను అది పట్టగలదు. స్క్రీనింగ్ యంత్రం అవును, కాదు అని మాత్రమే చెబుతుంది. మిషన్‌కు కావాల్సిన అంకెలు పూర్తి బెరాతోనే రావాలి.

ఆ పూర్తి బెరా ఎక్కడ? ఈ ప్రాంతంవాళ్లకు జాతీయ రహదారి 44 మీద ఉత్తరాన అనంతపురం, దక్షిణాన బెంగళూరు ఉన్నాయి. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం దూరం. బెంగళూరు దగ్గరైనా అక్కడ తర్వాతి మాట శిక్షణ కన్నడంలోనో ఇంగ్లీషులోనో జరుగుతుంది. బిడ్డ ఇంట్లో వినేది రాయలసీమ తెలుగు. పరీక్షకు బెంగళూరు పోయినా, అమరిక, మౌల్డ్, మాట శిక్షణ దగ్గర్లో తెలుగులో సాగే ఏర్పాటు లేకపోతే మూడో నెలలో మిషన్ అల్మారాలో చేరుతుంది.

ఊతమిచ్చే చేతులు ఇక్కడ లేకపోలేదు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ బత్తలపల్లిలో ఆసుపత్రి నడుపుతోంది, వినికిడి లోపమున్న పిల్లలకు పాఠశాలలు నడుపుతోంది. 1990 నుంచి చెన్నేకొత్తపల్లి కేంద్రంగా ఉన్న టింబక్టు కలెక్టివ్ ఊళ్లలో సంఘాలు కట్టి వికలాంగులతోనూ పనిచేస్తోంది. మౌల్డ్ ఎప్పుడు మార్చాలో, బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందో, బిడ్డ రోజుకెన్ని గంటలు మిషన్ పెట్టుకుంటోందో చూసే పని ఆసుపత్రి కన్నా ఊళ్లో సంఘమే బాగా చేయగలదు. సైగల భాషను కూడా ఆటంకంగా చూడనక్కర్లేదు. మిషన్ చాలని బిడ్డకు అది భాషకు దారి, చాలే బిడ్డకు అదనపు బలం.

పెద్దల సంగతి వేరు. మగ్గం షెడ్లలో ఏళ్ల తరబడి పనిచేసి వినికిడి తగ్గినవాళ్లు బటన్ నొక్కి చెప్పగలరు కాబట్టి మిషన్‌కు వాళ్లకు బెరా అవసరం లేదు, మామూలు ఆడియోగ్రామ్ చాలు. ఒక చెవిలోనే లోపం పెరుగుతుంటే నాడి మీద కంతి ఏమైనా ఉందా అని చూడటానికి, లేదా మానసిక వైకల్యంతో జవాబు చెప్పలేనివాళ్లకు బెరా పనికొస్తుంది.

తేలింది ఇది

యాభై ఏళ్ల ప్రయోగాల తర్వాత బెరా స్థానం స్పష్టం. మిషన్ పెట్టాక దాని మంచీచెడూ చెప్పమని క్లిక్ బెరాను అడగకూడదు. మిషన్ పెట్టకముందు మాత్రం దాన్ని గట్టిగా, పూర్తిగా అడగాలి. రిపోర్టు తీసుకునే అమ్మానాన్నలు ఈ నాలుగు ఉన్నాయా అని చూడవచ్చు: ప్రతి చెవికీ విడిగా, కనీసం 500, 2,000 హెర్ట్జ్ దగ్గర హద్దులు, ఎముక ద్వారా తీసిన కొలత, 90 దగ్గర జవాబు లేకపోతే క్లిక్ దిశ మార్చి చూశారా అన్న మాట, అంకెలు దిద్దినవా దిద్దనివా అన్న వివరం. రెండు ఫ్రీక్వెన్సీలు తీసేలోపు బిడ్డ లేచిపోతే మిగతావి ఇంకో రోజు తీయవచ్చు, దొరికిన అంకెలతో మిషన్ ఆ వారమే పెట్టవచ్చు.

ఇదేమీ కొత్త యంత్రం అడగదు. అనంతపురంలోనో హిందూపురంలోనో ఉన్న బెరా యంత్రమే టోన్ బర్స్ట్ కూడా తీయగలదు. కావాల్సింది గంటన్నర సమయం, రిజిస్టరైన ఆడియాలజిస్టు, మూడు నెలల బిడ్డను సదరం క్యాంపు దాకా ఆపకుండా నేరుగా ఆ గదికి పంపే ఏర్పాటు. సర్టిఫికెట్‌కు పనికొచ్చే రిపోర్టు మిషన్‌కు చాలదు. మిషన్‌కు సరిపడా రాసిన రిపోర్టు సర్టిఫికెట్‌కూ పనికొస్తుంది. కాబట్టి జిల్లాలో ఒక్క నియమం మార్చితే చాలు: ఐదేళ్లలోపు బిడ్డకు బెరా అంటే విడివిడి ఫ్రీక్వెన్సీల బెరానే అని రాయడం.